ఫిల్మ్ వేసిన పికప్‌కి రెయిన్ వైజర్లు: పని డైరీ

రెయిన్ వైజర్ అంటే వాన లోపలికి రాకుండా కిటికీ పై అంచున బయటివైపు పెట్టే సన్నని ప్లాస్టిక్ పట్టీ. బండి నాలుగు తలుపుల పికప్. ముందు తలుపుల గ్లాసులకి లోపలివైపు నల్ల ఫిల్మ్ ఉంది, వేయించి రెండు వారాలైంది. వెనక తలుపుల గ్లాసు కంపెనీ నుంచే ముదురు రంగులో వచ్చింది. ఆ రంగు గ్లాసులోనే కలిసి ఉంటుంది కాబట్టి లేచిపోవడమనేది దానికి లేదు. ముందుకి, వెనక్కి ఉన్న ఈ తేడాని మొదటి రోజే లెక్కలోకి తీసుకోవాల్సింది. తీసుకోలేదు. అందుకే డైరీ ఇంత పొడుగైంది.

వానలో గ్లాసు రెండు వేళ్లంత దించుకుని నడపగలగాలి. ఎండలో బండి ఆపినప్పుడు లోపలి వేడి పైనుంచి బయటికి పోవాలి. వైజర్లతో నాకు కావలసినవి ఈ రెండే.

కిటికీదీ అద్దమే, పక్కదీ అద్దమే కాబట్టి తికమక లేకుండా ఇక్కడ కిటికీదాన్ని గ్లాసు అని, పక్కదాన్ని మిర్రర్ అని రాస్తున్నాను.

దశ 1: గాడిలో దూర్చే రకం, ముదురు స్మోక్

రోజు 1. టేపు అక్కర్లేదు, పెయింటు ముట్టుకోనక్కర్లేదు, వద్దనుకుంటే తీసేయొచ్చు అని ఈ రకం తీసుకున్నాను. స్మోక్ అంటే పొగ రంగు. వైజర్ పై అంచుని తలుపు ఫ్రేములో గ్లాసు వెళ్లి కూర్చునే రబ్బరు గాడిలోకి దూరుస్తారు. గ్లాసు బయటి ముఖానికి, రబ్బరుకి మధ్య అది ఇరుక్కుని నిలబడుతుంది. ముందు రెండు తలుపులకి పెట్టాను. వెనకవి తర్వాత చూద్దామని పక్కన ఉంచాను.

డ్రైవర్ వైపు గ్లాసు పైకి వెళ్లి, గాడిలో తగిలి, మళ్లీ కిందికి వచ్చేసింది. చెయ్యి ఇరుక్కుంటే గ్లాసు వెనక్కి దిగే రక్షణ ఈ బండిలో ఉంది. వైజర్ వల్ల పెరిగిన ఒత్తిడిని మోటారు అడ్డంకి అనుకుంటోంది.

అప్పుడు కాలిపర్ (మందం, వెడల్పు కొలిచే పరికరం) తీసి కొలిచాను. కొనకముందు తీయాల్సిన కొలతలివి:

1. గాడి లోపలి వెడల్పు: 6.2 మి.మీ.
2. గ్లాసు మందం: 3.9 మి.మీ.
3. వైజర్ దూరే అంచు మందం: 1.9 మి.మీ.

6.2లోంచి గ్లాసు, వైజర్ తీసేస్తే మిగిలేది 0.4 మి.మీ. గాడికి రెండు వైపులా ఉన్న నూగు ఆ కాస్త చోటులోనే అణగాలి.

రోజు 1, సాయంత్రం. గాడి జారుడుగా ఉంటుందని ముందు రెండు తలుపుల రబ్బరుకి సిలికాన్ స్ప్రే కొట్టాను. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, దశ 3లో దీని ఫలితం కనిపిస్తుంది. రబ్బరు సర్దుకోవడానికి గ్లాసులు పూర్తిగా మూసి రెండు రోజులు కదపకుండా వదిలేశాను.

రోజు 3. లెక్క పెట్టి పది సార్లు ఎత్తి దించాను.

- స్ప్రేకి ముందు: 10లో 4 సార్లు వెనక్కి దిగింది.
- రెండు రోజుల తర్వాత: 10లో 1.
- పవర్ విండోకి పై హద్దు మళ్లీ నేర్పించాక: 10లో 0.

నేర్పించడమంటే నా బండిలో గ్లాసు పూర్తిగా మూసి స్విచ్‌ని పైకి అలాగే కొన్ని సెకన్లు పట్టుకోవడం. ఇది బండిబండికీ మారుతుంది, మీ మాన్యువల్లో చూసుకోండి. గ్లాసు పైకి వెళ్లడానికి మాత్రం ఇదివరకు 3.8 సెకన్లు పట్టేది, ఇప్పుడు 5.9 పడుతోంది. మోటారు మీద భారం పోలేదన్నమాట. ఆ రోజు దాన్ని చిన్న విషయంగా తీసుకున్నాను.

రోజు 9. పొద్దున తలుపు తీసినప్పుడు ఎండ వాలుగా పడి, డ్రైవర్ గ్లాసు పై అంచున ఒక తెల్లని గీత మెరిసింది. దగ్గరికి వెళ్లి చూశాను. ఫిల్మ్ గ్లాసు కొసదాకా ఉండదు, 1.5 మి.మీ. ముందే ఆగుతుంది. ఆ ఆగిన అంచు మూడు చోట్ల వెంట్రుక మందాన పైకి లేచింది. లేచిన చోట దుమ్ము దూరి బూడిద రంగు చారలైంది. వేలి కొసతో రాస్తే గరుగ్గా తగులుతోంది. కింది భాగమంతా నున్నగానే ఉంది.

వైజర్ బయట, ఫిల్మ్ లోపల, మరి రెండూ ఎక్కడ తగులుకున్నాయి? తగులుకోలేదు. బయటి నుంచి వైజర్ నెడుతుంటే గ్లాసు లోపలివైపుకి జరిగింది. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ గాడి లోపలి నూగు ఫిల్మ్ అంచుని గట్టిగా రుద్దింది. పైగా ఫిల్మ్ కింద తేమ పూర్తిగా ఆరడానికి నెల దాకా పట్టొచ్చు, నాది అప్పటికి మూడు వారాలదే. లేతగా ఉన్న అంచుని రోజూ రాపిడికి పెట్టాను.

కంపెనీ నుంచే ముదురుగా వచ్చిన గ్లాసుకి ఈ బాధ లేదు, అక్కడ ఈ రకం వైజర్ పనికొస్తుంది. లోపల ఫిల్మ్ ఉన్న గ్లాసుకి మాత్రం, గాడిలో చోటు ధారాళంగా ఉంటే తప్ప, పెట్టొద్దనే చెబుతాను.

ముందు రెండు వైజర్లూ తీసేశాను. డ్రైవర్ గ్లాసు ఫిల్మ్‌ని రోజు 12 తర్వాత మార్పించి అయిదు రోజులు ఆ గ్లాసు దించలేదు.

*ఇప్పటికి లెక్క: పని 4 గంటల 10 నిమిషాలు. సెట్లు 1. పాడైన ఫిల్మ్ 1.*

దశ 2: రంగు ఎంచుకోవడానికి వెలుతురు కొలత

రోజు 11. మొదటి సెట్టులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రాత్రి డ్రైవర్ వైపు మిర్రర్ పైభాగం చీకటిగా కనిపించేది. ముందు తలుపు వైజర్ పైన అడ్డంగా ఆగిపోదు, ముందు స్తంభం వెంట వాలుగా మిర్రర్ దగ్గరికి దిగుతుంది. ఆ వాలు భాగాన్నే తోక అంటున్నాను. దాని గుండా చూస్తున్నప్పుడు మిర్రర్ నుంచి కంటికి వచ్చే వెలుతురు వైజర్‌ని, గ్లాసుని, ఫిల్మ్‌ని దాటాలి.

ఇక్కడ చాలామంది పొరపడతారు, నేనూ పడ్డాను. ఒకటి సగం ఆపుతుంది, ఇంకోటి ఇంకాస్త ఆపుతుంది అని కూడికలు వేసుకుంటాం. నిజానికి వెలుతురు గుణకారంలో తగ్గుతుంది. మొదటిది వదిలినదాంట్లో కొంత శాతాన్నే రెండోది వదులుతుంది.

కొలిచిన పద్ధతి:

1. రాత్రి, లైట్లు లేని చోట టార్చిని గ్లాసుకి బయట స్టాండు మీద కదలకుండా బిగించాను.
2. ఫోన్‌లో లక్స్ మీటర్ (వెలుతురు కొలిచే) యాప్ తెరిచి, ఫోన్ ముందు సెన్సరు ప్రతిసారీ ఒకే చోట ఉండేలా లోపల అట్టపెట్టె మీద గుర్తు పెట్టాను.
3. గ్లాసు దించి ఒకసారి కొలిచి, దాన్నే 100గా తీసుకున్నాను.
4. ఒక్కో పొర అడ్డం పెట్టి మూడేసి సార్లు కొలిచి సగటు రాశాను.

ఫోన్ చూపించే లక్స్ అంకెని అలాగే నమ్మకూడదు. కానీ ఒకే ఫోన్‌తో, ఒకే చోట కొలిచిన రెండు అంకెల నిష్పత్తి ఈ పనికి చాలు. లేత స్మోక్ ముక్కని అడిగి తెచ్చుకున్నాను.

- ముందు గ్లాసు, ఫిల్మ్ కలిపి: 46 శాతం
- వెనక గ్లాసు: 24
- ముదురు స్మోక్ వైజర్: 18
- లేత స్మోక్ వైజర్: 44
- ముందు గ్లాసు మీద ముదురు వైజర్: 8
- ముందు గ్లాసు మీద లేత వైజర్: 20
- వెనక గ్లాసు మీద ముదురు వైజర్: 4
- వెనక గ్లాసు మీద లేత వైజర్: 11

ఎండలో నిలబడి బయటి నుంచి చూస్తే ముదురు స్మోక్ నల్ల గ్లాసుతో కలిసిపోయి చాలా అందంగా ఉంటుంది. నేను కొన్నదీ అది చూసే. లోపల కూర్చుని రాత్రి మిర్రర్ చూసేవాడికి మాత్రం నూటికి ఎనిమిది పాళ్లే చేరుతోంది. లైటు వేసుకుని వచ్చే బండి అందులోనూ కనిపిస్తుంది. లైటు లేని సైకిలు కనపడదు. ఫిల్మ్ ఉన్న గ్లాసుకి లేత రంగే పెట్టాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఫిల్మ్‌కి, వైజర్‌కి మీ దగ్గరి రవాణా నిబంధనలు ఏమంటున్నాయో కూడా కొనేముందే చూసుకోండి.

రోజు 12. తోక ఎంత వెడల్పు ఉండొచ్చో అట్టముక్కతో తేల్చాను. నేను సీట్లో కూర్చుంటే తమ్ముడు బయట అట్టని మాస్కింగ్ టేపుతో అంటిస్తూ, కత్తిరిస్తూ వచ్చాడు. మిర్రర్ ఎత్తున తోక 38 మి.మీ. ఉంటే మిర్రర్ పై మూల మూసుకుపోతోంది. 22 మి.మీ. దాకా ఉంటే మొత్తం తెరిపిగా ఉంది. తమ్ముడు నాకంటే పొట్టి, అతను కూర్చుంటే 18 దగ్గరే ఆగాల్సి వచ్చింది. బండి ఎంతమంది నడుపుతారో అంతమందినీ కూర్చోబెట్టి చూడండి. అట్టకి, పావుగంటకి మించి ఖర్చయ్యేది ఏమీ లేదు.

*ఇప్పటికి లెక్క: పని 5 గంటల 40 నిమిషాలు. సెట్లు 1.*

దశ 3: బయట అతికించే రకం, లేత స్మోక్: మొదటి ప్రయత్నం

రోజు 17. యాక్రిలిక్ సెట్టు, నాలుగు ముక్కలు, మిర్రర్ దగ్గర తోక 17 మి.మీ. టేపు ముందే అంటించి ఉంది: 6 మి.మీ. వెడల్పు, 1.1 మి.మీ. మందం ఉన్న ఫోమ్ టేపు. ఆర్డరు పెట్టేటప్పుడు క్యాబిన్ రకం సరి చూసుకోండి. ఒకే పేరున్న పికప్‌లో రెండు తలుపులది, పొడిగించిన క్యాబిన్‌ది, నాలుగు తలుపులది ఉంటాయి. ముందు తలుపు పొడవు కూడా వాటి మధ్య మారొచ్చు.

టేపు మందం ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూశాను. ముందు ముక్క పొడవు 940 మి.మీ. పొద్దున 24 డిగ్రీలున్న ప్లాస్టిక్ మధ్యాహ్నం ఎండలో 64 దాకా వెళ్లింది. యాక్రిలిక్ ఒక మీటరుకి, ఒక డిగ్రీకి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. అంటే ఈ ముక్క 2.6 మి.మీ. పెరుగుతుంది. కింద ఉన్న ఉక్కు ఫ్రేము అంతే వేడెక్కినా అర మిల్లీమీటరు కూడా సాగదు. మిగిలిన 2.2 మి.మీ. తేడాని రెండు కొసలూ చెరిసగం పంచుకుంటాయి. ఈ జాతి ఫోమ్ టేపు తన మందానికి మూడు రెట్ల దాకా పక్కకి సాగగలదు, కాబట్టి 1.1 మి.మీ. టేపు హాయిగా తట్టుకుంటుంది. ఇంట్లో ఉందని పల్చటి డబుల్ సైడ్ టేపు వాడితే కొసలు రోజూ లాగి లాగి ఊడతాయి.

ఫ్రేముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి, నాలుగూ అంటించాను. ఆ రోజు వేడి 27 డిగ్రీలు. ఈ టేపు 20 నుంచి 38 డిగ్రీల మధ్య బాగా పట్టుకుంటుంది, కాబట్టి వాతావరణానిది తప్పు కాదు.

రోజు 20. డ్రైవర్ వైపు తోక పైకి లేచింది. లాగితే ఒక జానెడు, జిగురు పెయింటు మీద ఏమీ మిగలకుండా, శుభ్రంగా వచ్చేసింది. ఎదుటి తలుపుది కూడా లేవడం మొదలైంది. వెనక రెండూ మాత్రం గోరు దూర్చినా కదలట్లేదు.

ఒకే రోజు, ఒకే టేపు, ఒకే చెయ్యి. ముందువి ఎందుకు ఊడాయి? ముందు తలుపులకే సిలికాన్ స్ప్రే కొట్టాను. రబ్బరుకి కొట్టినది పక్కనున్న ఫ్రేము మీద కూడా పడి కంటికి కనపడని పొరగా నిలిచింది. ఆల్కహాల్ దాన్ని తీసేయదు, అటూ ఇటూ పులుముతుంది. నీళ్లు చల్లితే వెనక తలుపు ఫ్రేము మీద పల్చగా పరుచుకున్నాయి. ముందు ఫ్రేము మీద ముత్యాల్లా గుండ్రంగా నిలబడ్డాయి. మైనం పూత, సిరామిక్ పూత ఉన్నా ఇలాగే అవుతుంది.

అదే రోజు, ఇంకో తప్పు. ఊడిన ముక్కకి మిగిలిన టేపు జిగురుని థిన్నర్‌తో తుడిచాను. జిగురు పోయింది. పది నిమిషాల తర్వాత వంపు దగ్గర వెండిపోగుల్లాంటి సన్నని పగుళ్లు వచ్చాయి. వెలుతురుకి అడ్డం పెట్టి తిప్పితే ఒక్కో కోణంలో ఒక్కో గుంపు మెరుస్తోంది. యాక్రిలిక్‌ని వేడి చేసి వంచినప్పుడు వంపుల్లో బిగువు మిగిలిపోతుంది. థిన్నర్, అసిటోన్, పెట్రోలు లాంటివి తగిలితే ఆ బిగువు పగుళ్లుగా బయటపడుతుంది. ఇది బాగు చేయలేం, ముక్క పోయినట్టే.

అమ్మోనియా కలిసిన గ్లాస్ క్లీనర్‌తో కూడా జాగ్రత్త. అది యాక్రిలిక్‌కి, లోపలి ఫిల్మ్‌కి రెంటికీ చేటే.

*ఇప్పటికి లెక్క: పని 9 గంటలు. సెట్లు 2. పాడైన వైజర్ ముక్క 1.*

దశ 4: ముందు తలుపులు మళ్లీ

రోజు 26. ముందు జత కొత్తది వచ్చింది. ఈసారి సగం పొద్దు శుభ్రానికే పోయింది. చేసిన వరస:

1. పాత ఫోమ్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి బొటనవేలితో దొర్లించి తీశాను. హీట్ గన్ వాడొద్దు. యాక్రిలిక్ వంద డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడుతుంది, వంపు పోతుంది.
2. గాడి రబ్బరు పొడవునా మాస్కింగ్ టేపు వేశాను, దాంట్లో ఉన్న సిలికాన్ మళ్లీ ఫ్రేము మీదికి రాకుండా.
3. పెయింటుకి ముందు వాడే వ్యాక్స్ అండ్ గ్రీజు రిమూవర్‌తో తుడిచాను. ఒక గుడ్డ తడిది, ఇంకోటి పొడిది. తడి ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆరనిస్తే మురికి అక్కడే కూర్చుంటుంది.
4. తుడిచిన ప్రతిసారీ కొత్త గుడ్డ, ఆపై నీళ్ల పరీక్ష. డ్రైవర్ వైపు అయిదు సార్లు, ఎదుటి వైపు నాలుగు సార్లు తుడిచాక నీళ్లు పరుచుకున్నాయి.
5. చివరిగా ఆల్కహాల్, నీళ్లు.
6. టేపు కాగితం తీయకుండా వైజర్‌ని పెట్టి చూసి, రెండు కొసల దగ్గర మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టాను.
7. టేపు కాగితాన్ని రెండు కొసల్లో రెండంగుళాలు మాత్రం విప్పి బయటికి మడిచాను. గుర్తుల మీద కూర్చోబెట్టాక కాగితాన్ని మెల్లగా లాగేశాను.
8. మధ్య నుంచి కొసలకి నొక్కాను.

నొక్కడం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ “గట్టిగా నొక్కండి” అని వదిలేస్తారు. ఈ టేపుకి చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో బరువంత ఒత్తిడి కావాలి. బొటనవేలి కింద పడే టేపు 2 సెం.మీ. పొడవు, 0.6 సెం.మీ. వెడల్పు, అంటే 1.2 చదరపు సెంటీమీటర్లు. ఇంట్లో తూకం మీద బొటనవేలితో నొక్కి చూస్తే, నేను గట్టిగా అనుకున్నది 700 గ్రాములే చూపించింది. 2 కిలోలు చూపించేదాకా నొక్కి, ఆ బరువు చేతికి అలవాటయ్యాక తలుపు దగ్గరికి వెళ్లాను. ప్రతి రెండు సెంటీమీటర్లకి అయిదు సెకన్లు, పొడవునా రెండు సార్లు. మర్నాడు బొటనవేళ్లు నొప్పి పెట్టాయి.

అంటించిన ఇరవై నిమిషాలకి టేపు బలం సగం వస్తుంది, ఒక రోజుకి 90 శాతం, మూడు రోజులకి పూర్తిగా. ఆ మూడు రోజులూ బండి నీడలో ఉంచాను, కడగలేదు. తలుపులు మెల్లగా వేశాను.

*ఇప్పటికి లెక్క: పని 13 గంటల 45 నిమిషాలు. సెట్లు రెండున్నర. ముందు ఫ్రేములు తుడిచింది మొత్తం 9 సార్లు.*

దశ 5: పరీక్షలు

రోజు 30, నీళ్లు. నేను లోపల, తమ్ముడు బయట గొట్టంతో. గ్లాసు పై అంచుకి 50 మి.మీ. కిందిదాకా వైజర్ కప్పుతోంది. 25 మి.మీ. దించితే చుక్క రాలేదు. 30కి కూడా పొడిగానే ఉంది. 40కి దించి గొట్టం వాలుగా పట్టేసరికి స్విచ్‌ల మీద చుక్కలు పడ్డాయి. వైజర్ ఎంత కిందికి ఉన్నా అందులో మూడింట రెండు వంతుల లోపే తెరవాలి. 30 దగ్గర గ్లాసు ఎక్కడుంటుందో తెలియడానికి తలుపు ఫ్రేము వెనక అంచున చిన్న చుక్క పెట్టుకున్నాను. లేత రంగు కాబట్టి గ్లాసు అంచు వైజర్ గుండా కనిపిస్తూనే ఉంది.

రోజు 31, చప్పుడు. ఫోన్ యాప్‌తో, ఒకే రోడ్డు మీద, గంటకి 80 కిలోమీటర్ల దగ్గర. వైజర్లు లేనప్పటి అంకెలు రోజు 12న తీసి పెట్టుకున్నవి.

- గ్లాసులు మూసి: ఇదివరకు 66 డెసిబెల్స్, ఇప్పుడు 67
- ముందు గ్లాసు 25 మి.మీ. దించి: ఇదివరకు 74, ఇప్పుడు 70

మూసినప్పుడు ఒక ఈల వినిపించింది, 75 దాటాక. “అన్నా, వెనక ఎడమది” అని తమ్ముడు చెవి పెట్టి చెప్పాడు. ఆపి చూస్తే ఆ ముక్క ముందు కొసకి, ఫ్రేముకి మధ్య 2 మి.మీ. సందు ఉంది. టేపు కొస దాకా లేదు, 14 మి.మీ. ముందే ఆగిపోయింది. ఆ సందులోకి గాలి దూరి ఈల వేస్తోంది. మొదట ఆ సందు మీద మాస్కింగ్ టేపు వేసి నడిపాను, ఈల ఆగింది. కారణం అదేనని ఖాయమయ్యాక నల్ల ఫోమ్ పట్టీ ముక్క కత్తిరించి దూర్చాను. కింది కొస మూయలేదు, అక్కడ నీళ్లు కారిపోవాలి.

రోజు 33, రాత్రి. మిర్రర్ పూర్తిగా కనిపిస్తోంది. తమ్ముడు లైటు లేని సైకిలు నడిపించుకుంటూ బండి వెనక నుంచి వచ్చాడు. మొదటి సెట్టుతో ఇదే చోట నాలుగడుగుల దూరానికి వచ్చేదాకా పోల్చుకోలేకపోయాను. ఈసారి వీధి మలుపు తిరగగానే కనిపించాడు.

రోజు 58. ముప్పై రోజులకి పైగా ఎండ, రెండు పెద్ద వానలు. నాలుగింటి కొసల్లోనూ 0.1 మి.మీ. ఫీలర్ గేజ్ ఆకు (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూశాను, ఎక్కడా దూరలేదు. మార్పించిన ఫిల్మ్ అంచు నున్నగా ఉంది. గ్లాసు ఎత్తడానికి మళ్లీ 3.8 సెకన్లే పడుతోంది. కడగడానికి మెత్తని గుడ్డ, సబ్బు నీళ్లు తప్ప ఏమీ వాడట్లేదు. బ్రష్‌లు తిరిగే యంత్రంలోకి బండిని పంపట్లేదు.

తేలనిది ఒకటుంది. వెనక రెండు గ్లాసులే 30 మి.మీ. దాటి దించి వేగంగా వెళ్తే క్యాబిన్లో గాలి గుభగుభమని చెవులకి కొడుతోంది. ముందు గ్లాసు ఒక వేలెడు దించితే పోతుంది. వైజర్లు పెట్టకముందు ఇది ఉండేదో లేదో నేను కొలవలేదు. మీరు మొదలుపెట్టేముందు ఆ అంకె కూడా రాసుకోండి.

*మొత్తం లెక్క: పని 16 గంటలు. సెట్లు రెండున్నర, బండి మీద ఉన్నది ఒకటి. పాడైనవి ఒక ఫిల్మ్, ఒక వైజర్ ముక్క. ఎదుటి తలుపు నుంచి తీసిన ముక్క, 1.1 మి.మీ. టేపు చుట్ట దాచిపెట్టాను.*